అపరిచితునకు చెప్పవలసిన మాట

జమ్మలమడుగు బస్సుస్టాండులో దిగిన పరదేశి మొదట అడుగు ప్రశ్న సాధారణముగా ఒక్కటే: "గండికోటకు దారి యేది?" అడిగినదే తడవుగా నలుగురు నాలుగు చేతులు చాచుదురు. "ఎంత దూర"మని అడిగినచో "ఇదిగో, ఇక్కడే" అందురు. కోట అక్కడికి పదునైదు కిలోమీటర్ల దూరమున నున్నది. నడచి పోదలచినవానికి ఈ "ఇక్కడే" అన్న మాట ఎంత మేలు చేయునో మీరే ఊహింపవచ్చును. చెప్పినవానికి అబద్ధమాడవలెనన్న తలంపు లేదు. దూరము నుండి వచ్చినవానిని నిరుత్సాహపరచుట యిష్టము లేక దయతోనే ఆ మాట చెప్పెను. ఇక దారి తెలియనివాడు సైతము "నాకు తెలియదు" అనుటకు మొగమాటపడి, ఏదో యొక దిక్కునకు వ్రేలు చూపును. మన సీమలో అడిగినవానికి లేదనుట మర్యాద కాదు. ఆ మర్యాదయే ఒక్కొక్కప్పుడు ఎదుటివాని కొంప ముంచును.

దారి తప్పినవాడు తిరిగి రాగలడు. ఎండలో ఒక గంట నడచి, మనలను నాలుగు తిట్లు తిట్టి, మరల బస్సుస్టాండునకు చేరును. కాని మనుష్యులు అపరిచితులను అడుగు ప్రశ్నలలో తిరిగి రాలేని దారులును కలవు. కూతురి పెండ్లికి బంగారము ఏ అంగడిలో కొనవలెను? పాము కరచిన పిల్లవానిని ఎక్కడికి తీసికొని పోవలెను? బోరు ఇంకొక నూరడుగులు దింపింపవచ్చునా? ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల, ఈ మూడూళ్ళ నడుమ తిరుగు బస్సులలోను, టీ అంగళ్ళ ముందరను, రచ్చబండల మీదను దినదినము వినబడు ప్రశ్నలివి. అడుగువాడెవరో మనమెరుగము, మనమెవరమో అతడెరుగడు. అయినను అతడు అడుగును, మనము చెప్పుదుము. ఆ చెప్పుటలో గల బాధ్యతను గూర్చి నేడు నాలుగు మాటలు మనవి చేయదలచితిని.

బంధువునకు చెప్పు సలహాకును, పరాయివానికి చెప్పు సలహాకును ఒక భేదము కలదు. తమ్మునికి తప్పుదారి చూపినచో ఆ తప్పు మన యింటికే తిరిగి వచ్చును. పండుగనాడు మన ప్రక్కనే భోజనమునకు కూర్చుండి, "అన్నా, నీ మాట వినే కదా నేనిట్లయింది" అని అతడు అనగలడు. ఆ భయము మన నాలుకను అదుపులో నుంచును. పరాయివాడు అట్లు కాదు. మన మాటను మూట గట్టుకొని బస్సు దిగిపోవును. ఆ మాటవలన అతడు బాగుపడెనో చెడెనో మనకు తెలియదు. అతని నష్టము మన కంటబడదు గనుక, మనము చెప్పినదంతయు సరియైనదే యని జీవితాంతము సంతోషముగా నుండవచ్చును. తనది కాకపోతే కాశీదాకా దేకమన్నాడన్న సామెత ఈ విషయముననే పుట్టినదా యనిపించును. కావున నేననునది యేమనగా, మనము చూడబోని నష్టము విషయముననే మనము మిక్కిలి జాగరూకులమై యుండవలెను.

మొదట ప్రొద్దుటూరు సంగతి చూతము. ఆ పట్టణము బంగారు అంగళ్ళకు పేరుపొందినది. ఇంట పెండ్లి కుదిరినదనగానే చుట్టుప్రక్కల పల్లెలనుండియే గాక ఇతర జిల్లాలనుండియు జనులు అక్కడికి బయలుదేరుదురు. నడుమున గట్టిన మూటలో కొన్నియేండ్ల శనగపంట డబ్బుండును. బస్సులో ప్రక్కనున్నవానిని మెల్లగా అడుగుదురు: "అన్నా, ఏ అంగట్లో మోసం ఉండదు?" వెంటనే మనవారిచ్చు సమాధానము: "ఫలానా అంగడికి పో, నా పేరు చెప్పు." ఆ యంగడి తన బావమరిదిదన్న మాట మాత్రము చెప్పరు. బావమరిది అంగడి మంచిదే కావచ్చును. కాని ఆ చుట్టరికమును దాచి చెప్పిన సలహా సలహా కాదు, బేరము. "అది మా బావమరిది అంగడి, అది మనసున బెట్టుకొని నా మాట వినుము" అని చెప్పినచో, వినువాడు దానికి తగిన విలువ తానే కట్టుకొనగలడు.

అంతకంటె మేలైన సమాధానము మరియొకటి కలదు. అంగడి పేరు చెప్పుటకు బదులు, ఏ అంగడికి పోయినను చూడవలసినదేమో నేర్పుట. నగమీద భారత ప్రమాణ సంస్థవారి ముద్ర యుండవలెను. దాని ప్రక్కన స్వచ్ఛతను తెలుపు అంకె యుండవలెను. ఇరువదిరెండు క్యారట్ల బంగారమైనచో 916 అని యుండును, అనగా వేయి పాళ్ళలో 916 పాళ్ళు మేలిమి బంగారమని యర్థము. మూడవది, ఆ నగకు మాత్రమే చెందిన ఆరక్షరముల గుర్తు. 2021 జూన్ నుండి దేశమునందలి అనేక జిల్లాలలో ఈ హాల్‌మార్కు నిర్బంధమైనది. 2023 ఏప్రిల్ నుండి హాల్‌మార్కు నగమీద ఆరక్షరముల గుర్తు తప్పక యుండవలెనన్న నియమము వచ్చినది. ఆ గుర్తును చేతిలోని ఫోనులో బి.ఐ.ఎస్. కేర్ అను సాధనమున నమోదు చేసి సరిచూచుకొనవచ్చును. ఇక రశీదులో బంగారము తూకము వేరుగను, రాళ్ళ తూకము వేరుగను, తరుగు, మజూరి వేరువేరుగను వ్రాయించుకొనవలెను. రాళ్ళను బంగారముతో కలిపి తూచినచో రాతికి బంగారపు వెల యిచ్చినట్లగును. ఈ నాలుగు మాటలు చెప్పుటకు రెండు నిమిషములు చాలును. అవి విన్నవాడు ప్రొద్దుటూరులోనే గాక ఏ ఊరి బజారులోనైనను తన కన్నులతో తాను చూచుకొనగలడు.

అయితే అన్ని వేళల యందును ఇంత నెమ్మదిగా నేర్పుటకు వ్యవధి యుండదు. జమ్మలమడుగు ప్రాంతము నల్లరేగడి భూములకు పేరుపొందినది. వానకాలమున చేలలో పాముకాటు వినని సంవత్సరముండదు. ఒక తల్లి కరవబడిన పిల్లవానిని ఎత్తుకొని రోడ్డుమీదికి వచ్చినదనుకొనుడు. గుంపు చేరును. ఒకడు కాటుకు పైన త్రాటితో బిగించి కట్టుమనును. ఒకడు కత్తితో గాటు పెట్టుమనును. మరియొకడు ఫలానా పల్లెలో మంత్రము వేయువాడున్నాడని ఆటో పిలుచును. అందరును సాయము చేయవలెనన్నవారే. అక్కడ శత్రువు లేడు. అయినను ఆ గుంపు మాటలలో గడచిపోవు అరగంట పిల్లవాని ప్రాణము తీయవచ్చును.

అట్టి సమయమున సలహా చిన్నదిగను, ఒక్కటిగను ఉండవలెను. కరచిన కాలిని గాని చేతిని గాని కదలనీయక, పిల్లవానిని నడిపింపక, 108కి ఫోను చేసి, లేదా చేతికందిన వాహనములో, విషమునకు విరుగుడు సూది యున్న ఆస్పత్రికి చేర్చవలెను. బిగించి కట్టరాదు, కోయరాదు, నోటితో పీల్చరాదు, పాముకొరకు వెదకుచు కాలము పుచ్చరాదు. మన దేశములో ఇచ్చు విరుగుడు మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజర మొదలగు నాలుగు ముఖ్య విషసర్పముల కాటుకు పనిచేయును. కనుక పామును చంపి తెచ్చి చూపవలసిన పని లేదు. జమ్మలమడుగులో లండను మిషనరీ సంఘమువారు పందొమ్మిదవ శతాబ్దాంతమున వైద్యశాల స్థాపించిననాటినుండి దూరపు పల్లెల జనులు చికిత్సకై ఆ యూరికి వచ్చుచునే యున్నారు. 108 అంబులెన్సు 2005లో మన రాష్ట్రమున మొదలైనది. దారి యున్నది, బండి యున్నది, మందు యున్నది. లేనిదెల్ల, గుంపులో నిలిచి ఆ ఒక్క మాటను గట్టిగా చెప్పు మనిషి. తక్కినవారు ఏమియు తెలియకున్నచో, త్రోవ తొలగి నిలుచుటయే వారు చేయగల ఉపకారము.

ఇప్పుడు పులివెందుల సంగతి. ఇది నాకు చెప్పుట సులభము కాదు. అయినను చెప్పకున్నచో ఈ ప్రసంగమునకు అర్థము లేదు.

కొన్ని యేండ్ల క్రిందట, ఒక వేసవిని, పులివెందుల నుండి ముద్దనూరు మీదుగా జమ్మలమడుగునకు పోవు బస్సులో ప్రయాణము చేయుచుంటిని. నా ప్రక్కన నడివయసు రైతు కూర్చుండెను. చేతిలో ఫోను పట్టుకొని ఊరక దానివంక చూచుచుండెను. కొంతసేపటికి నావైపు తిరిగి, "సారూ, నువ్వు సదువుకున్నోనివి మాదిరుండావు. ఒక మాట చెప్పు" అనెను. అతని చేనిలో అప్పటికి రెండు బోర్లు వట్టిపోయినవి. మూడవది ఆ దినముననే వేయుచుండిరి. ఆరువందల అడుగులు దిగినను తడి తప్ప నీరు లేదు. బోరుబండివారు ఆపవలెనా, దింపవలెనా యని ఫోనులో అడుగుచుండిరి. "ఇంకో నూరడుగులు దింపిస్తే పడతాయంటావా?"

నేను బడిపంతులను. భూగర్భజలమును గూర్చి నాకు తెలిసినది సున్న. కాని తెల్లచొక్కా తొడిగియుంటిని, ఒడిలో పుస్తకముండెను. అతడు నన్ను నమ్మెను. ఆ నమ్మకము నాకు తియ్యగా నుండెను. మా పొరుగువాని చేనిలో ఏడువందల అడుగుల వద్ద నీరు పడిన సంగతి జ్ఞప్తికి వచ్చెను. "ఇంత లోతు దింపినావు, ఇంకో నూరే కదప్పా. దింపించు, దేవుడున్నాడు" అంటిని. అతడు ఫోనులో "దింపండి" అనెను. నేను సంతోషముగా పుస్తకము తెరచితిని. ముద్దనూరులో అతడు దిగిపోయెను.

ఏడాది తరువాత పులివెందుల చీనీ మార్కెట్టు వద్ద అతడే నన్ను గుర్తుపట్టి పలుకరించెను. ఆ బోరు నూరడుగులతో ఆగలేదు. నూరు దింపినవాడు మరి నూరు దింపును. ఎనిమిదివందల వద్ద కూడ తెల్లని రాతిదుమ్మే పైకి వచ్చెను. బోరుబండివారి బాకీ తీర్చుటకు భార్య మెడలోని గొలుసు ప్రొద్దుటూరులో అమ్మెను. ఇదంతయు అతడు కోపము లేకయే చెప్పెను. నేను తల వంచుకొనగా, "నువ్వేం చేస్తావులే సారూ, నా నొసట అట్ల రాసుంది" అని నన్నే ఓదార్చెను. అతడు తిట్టియున్నచో నాకు సుఖముగా నుండెడిది. అతని నొసట వ్రాసినవాడు బ్రహ్మ కాదు. బస్సులో అతని ప్రక్కన కూర్చున్నవాడు.

తరువాత నేను తెలిసికొన్నది ఇది. పులివెందుల ప్రాంతపు శిలలు మిక్కిలి ప్రాచీనములు. 1872లో విలియం కింగ్ అను భూగర్భ శాస్త్రజ్ఞుడు కడప, కర్నూలు సీమల శిలలను గూర్చి ఒక గ్రంథము ప్రకటించెను. నేటికిని ఆ శిలాశ్రేణులలో కొన్ని పులివెందుల పేరను, వేంపల్లె పేరను శాస్త్రములో వ్యవహరింపబడుచున్నవి. ఇట్టి రాతిలో నీరు కుండలోవలె నిండియుండదు. పైనున్న మెత్తబడిన పొరలోను, రాతి పగుళ్ళలోను, సున్నపురాయి జాతి శిలలు కరగి యేర్పడిన సందులలోను నిలుచును. ఆరున్నర అంగుళముల బోరు ఆ పగులునకు తగిలిన నీరు, తగులకున్న దుమ్ము. కనుక పొరుగుచేనిలో పడిన నీరు ఈ చేనికి సాక్ష్యము కాదు. లోతునకు పోయినకొలది రాయి బిగియుటయు, పగుళ్ళు తగ్గుటయు సాధారణము. "ఇంత దింపినాము గదా, ఇంకొంత" అన్నది నీటిని గూర్చిన తర్కము కాదు. పోగొట్టుకొన్న డబ్బును గూర్చిన దుఃఖము. జూదములో కూర్చున్నవాడు లేవలేకపోవుటయు ఈ దుఃఖమువలననే.

అరచేతిలో కొబ్బరికాయ నిలబెట్టి, వేపపుల్ల త్రిప్పి పాయింటు చూపువారు మన పల్లెలలో కలరు. భూమిలోనికి విద్యుత్తు పంపి, రాతి నిరోధమును కొలిచి చెప్పు శాస్త్రజ్ఞులును కలరు. ఈ రెండవవారు నీరు తప్పక పడునని హామీ యీయరు. పడుటకు అవకాశమెంత యున్నదో మాత్రము చెప్పుదురు. రైతుకు మొదటివాని ధైర్యము ఇష్టము, రెండవవాని సందేహము కష్టము. కాని నిజాయితీ ఆ సందేహమునందే యున్నది.

అయినచో ఆనాడు నేనేమి చెప్పవలసియుండెను? "అన్నా, ఈ విషయము నాకు తెలియదు. మా పొరుగున ఒకనికి పడెను. అది నీకు పడుననుటకు గుర్తు కాదు. ఒక్కటి మాత్రము అడిగెదను. ఈ నూరడుగులలోను నీరు పడకపోయినచో, ఆ డబ్బు ఎక్కడినుండి తెత్తువు?" ఇంతే. ఈ ప్రశ్నకు అతనివద్ద సమాధానముండినచో అతడే నిర్ణయించుకొనెడివాడు. లేకున్నచో బోరుబండి ఆనాడే ఆగియుండెడిది, గొలుసు మెడలోనే యుండెడిది.

అప్పటినుండి ఎవరేమి యడిగినను ముందుగా ఆ గొలుసు కన్నుల ముందు మెదలును. మొన్న మొన్న ఒక యువకుడు, బెంగుళూరు పని మానుకొని వచ్చినవాడు, నాలుగెకరములలో చీనీచెట్లు పెట్టవచ్చునా యని అడిగెను. ఈసారి నాకు తెలిసినది కొంత యుండెను. నా తమ్మునికి చీనీతోట కలదు. ఆ సంగతి మొదటనే చెప్పి, నా మాట ఒక్క తోటనుండి వచ్చినదే యని హెచ్చరించితిని. మొక్క నాటిన నాలుగైదేండ్లకు గాని చెప్పుకొనదగిన కాపు రాదు. అంతవరకు ఒక్క వేసవిలో నీరు తప్పినను పెంచినదంతయు ఎండిపోవును. కావున బోరు వానకాలములో పోయు నీరు చూచి గాక, మే నెలలో కొలిచిన నీటికి తగినన్ని చెట్లు మాత్రమే పెట్టుమంటిని. రంగపూరు నిమ్మ వేరుమూలముపై అంటుగట్టిన మొక్కలను ఎంచుకొనుమనియు, నీరు మొదలునకు తగులకుండ చెట్టుచుట్టు రెండు వలయములుగ పాదు చేయుమనియు, ఇవన్నియు ఉద్యానశాఖవారిని మరల అడిగి సరిచూచుకొనుమనియు చెప్పితిని. అతని ముఖము చిన్నబోయెను. "నాలుగెకరాలకూ పెట్టుకోమంటావనుకొంటి సారూ" అని వెడలిపోయెను. అతడు తరువాత ఏమి చేసెనో నాకు తెలియదు. నిజమైన సలహా పలుమార్లు కృతజ్ఞతను తీసికొని రాదు. దానికి సిద్ధపడినవాడే సలహా చెప్పవలెను.

అపరిచితులకు మంచి మాట చెప్పుట అసాధ్యమని నా భావము కాదు. మాలతీ చందూరు గారు ఆంధ్రప్రభ వారపత్రికలో "ప్రమదావనం" శీర్షికన నాలుగు దశాబ్దములకు పైగా, తామెన్నడును చూడని పాఠకుల ప్రశ్నలకు సమాధానములిచ్చిరి. ఆకాశవాణియందు 1966 నుండి ప్రత్యేక వ్యవసాయ విభాగములు ఏర్పడినవి. ఆ దినములలో తంజావూరు రైతులు రేడియోలో విని నాటిన ఏ.డి.టి. 27 అను వరివంగడమునకు "రేడియో వరి" యనియే పేరు పెట్టిరి. మైకు ముందరి గొంతు ఎవరిదో ఎరుగని రైతు ఆ మాటపై తన పొలమును పందెము పెట్టెను. 2004 జనవరిలో మొదలైన కిసాన్ కాల్ సెంటరునకు 1800-180-1551 అను సంఖ్యకు ఫోను చేసి నేడును రైతులు తమ భాషలోనే ప్రశ్న అడుగవచ్చును. ఇట్టి చోట్ల చెప్పువాడు తన యెరుకకు మించిన ప్రశ్న వచ్చినపుడు దానిని తెలిసినవానికి పంపగలడు. ఆ వీలు బస్సులో ప్రక్కనున్న మనకును కలదు. "నాకు తెలియదు, కాని తెలిసినవారు ఇక్కడ నున్నారు" అన్న మాట ఓటమి కాదు. చాల పర్యాయములు అంతకు మించిన సలహా యుండదు.

కనుక పరాయివాడు అడిగినపుడు నోరు తెరచుటకు ముందు మన మనస్సును మనమడుగవలసినవి కొన్ని కలవు. ఇది నేను చూచి యెరిగినదా, విని యెరిగినదా? దీనిలో నాకేమైన లాభము కలదా? నా మాట తప్పైనచో ఆ మూల్యము చెల్లించువాడెవడు? మొదటిదానికి సమాధానము అతనికి చెప్పివేయవలెను. రెండవదానిని దాపరికము లేక బయటపెట్టవలెను. మూడవదానికి సమాధానము ఎల్లప్పుడును ఒక్కటే: చెల్లించువాడు అతడే, మనము కాము. ఆ సంగతి జ్ఞాపకమున్నవాని నోట గొప్పలు రావు.

గండికోట దారి యడిగిన ఆ పరదేశివద్దకు మరల వత్తము. "అన్నా, కోట పదునైదు కిలోమీటర్లు. ఎండ యెక్కువగా నున్నది, నడువవలదు. బస్సు ఎప్పుడో నాకు తెలియదు, ఆ కిటికీలో అడుగుము. నీళ్ళసీసా నింపుకొనుము." దీనిలో పాండిత్యము లేదు. ఇది విన్నవాడు మన పేరు కూడ అడుగక వెడలిపోవును. కాని సాయంకాలమునకు కోట చూచి, పెన్న లోయ చూచి, చల్లగా తిరిగి వచ్చును. ఆ వచ్చుటను మనము చూడకపోయినను, అది జరిగియుండును.